కుక్కకి షుగరొస్తే మన మాత్ర పనికిరాదు

"కుక్కకి షుగరేంటి, అదేమైనా టీ తాగుతుందా?" అని మా చమఖండిలో నవ్వేస్తారు. కానీ కుక్కలకీ ఈ జబ్బు వస్తుంది, ఎక్కువగా నడివయసు దాటిన వాటికి. మా ఇంట్లో నాన్నవైపు వాళ్లు ఒడియాలో 'మధుమేహ' అంటారు, అమ్మవైపు వాళ్లు 'షుగరు' అంటారు. మధుమేహం అంటే తేనెలాంటి మూత్రం. గుర్తు పేరులోనే ఉంది. కుక్క పోసిన చోట చీమలు పడుతుంటే అనుమానించాలి.

మాటిమాటికీ నీళ్లు తాగడం, రాత్రిళ్లు ఇంట్లోనే పోసెయ్యడం, బాగా తింటూనే చిక్కిపోవడం మిగతా గుర్తులు. చాలామంది దీన్ని ముసలితనం అనుకుంటారు, ఇల్లు పాడుచేసిందని కొడతారు కూడా. పాపం, అది దాని చేతిలో లేదు. ఈ జబ్బు వచ్చిన చాలా కుక్కలకి ఏడాది రెండేళ్లలో కళ్లలో శుక్లాలు కమ్మి చూపు పోతుంది.

క్లోమం అనే గ్రంథి ఇన్సులిన్ తయారుచేస్తుంది. రక్తంలోని చక్కెర ఒంటికి పట్టాలంటే అది కావాలి. మన పెద్దవాళ్లలో చాలామందికి ఇన్సులిన్ ఊరుతుంది కానీ సరిగా పనిచెయ్యదు, అందుకే మాత్రలు సాయపడతాయి. కుక్కలో దాన్ని తయారుచేసే కణాలే నశిస్తాయి. కాబట్టి అమ్మమ్మ మాత్ర సగం విరిచి పెడితే లాభం లేదు, ఇన్సులిన్ సూదే వెయ్యాలి. ఆడకుక్కకి ఎదకొచ్చిన తర్వాత ఊరే హార్మోను ఇన్సులిన్‌ని అడ్డుకుంటుంది. అందుకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంటారు.

అసలు ఇన్సులిన్ మనకి దొరికిందే కుక్కల వల్ల. 1889లో మెరింగ్, మింకోవ్‌స్కీ ఒక కుక్క క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీదే ప్రయోగాలు చేశారు. 1922 జనవరిలో ఆ మందు 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కి అందింది. ఆ రుణం మనమీద ఉంది.

సూది రోజుకి రెండుసార్లు, 12 గంటల తేడాతో, తిండి తిన్నాక వెయ్యాలి. మోతాదు పశువైద్యుడే చెప్పాలి. ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. తిండి రోజూ ఒకే రకం, ఒకే కొలత. ముద్దొచ్చిందని రసగుల్లా, ఛెనాపోడ పెట్టకండి. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్కకి విషం.

ఆ పూట తినకపోతే మామూలు మోతాదు వేసెయ్యకుండా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. సూది తర్వాత తూలినా, వణికినా చక్కెర పడిపోయిందన్నమాట. వెంటనే చిగుళ్లకి తేనె రాసి తీసుకెళ్లాలి.

మన గంజాంలో ఇంకో జాగ్రత్త ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్సులిన్ సీసాని డబ్బాలో పెట్టి, నీళ్లున్న మట్టికుండలో నీడపట్టున ఉంచాలి. కరెంటున్నా డీప్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గడ్డకడితే మందు పాడైపోతుంది.

ఇంట్లో ఇద్దరికైనా సూది వెయ్యడం వచ్చుండాలి. మనం కాలేజీకొచ్చేస్తే పొద్దుటి సూది ఎవరు వేస్తారు?

మీ ఇంట్లో కుక్క ఉంటే రేపు ఒక్కరోజు అది తాగే నీళ్లు కొలవండి. పది కిలోల కుక్క రోజుకి లీటరు దాటి తాగుతుంటే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.