సరుగుడు నారు నాటుటకు పలక పలుగు



కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు తోట వేసే రైతులు చాలామంది మడిలో పెరిగిన నారును పీకి, కట్టలు కట్టి, మట్టి లేని వేళ్ళతోనే పొలానికి తెచ్చెదరు. గునపంతో ఒక పోటు పొడిచి, మొక్కను ఆ బొరియలో దోపి, కాలితో త్రొక్కి ముందుకు పోవుట వాడుక. పని చురుకుగానే సాగును. చిక్కంతా నేల అడుగున, మన కంటికి కనబడని చోట ఉన్నది.

గునపం చేసిన బొరియ క్రిందికి పోయేకొద్దీ సన్నబడును. పీచువేళ్ళు అందులో దిగక, కొసలు పైకి మడత పడును. కాలితో త్రొక్కినచో పై రెండంగుళాల మన్ను మాత్రమే బిగిసి, అడుగున బోలు మిగులును. అట్టి మొక్క వెంటనే ఎండిపోయినచో ఒక విధంగా మేలే, మరొకటి నాటవచ్చును. వంకర వేరుతో బ్రతికిన మొక్కతోనే అసలు నష్టం. దానికి నేలలో పట్టు చాలదు. రెండు మూడేండ్లు పెంచిన తరువాత తుఫాను గాలికి అది ప్రక్కకు ఒరిగినచో, పోయిన కాలాన్ని ఎవరు తెచ్చి ఇవ్వగలరు?

ఇందుకు తగిన పనిముట్టు పలక పలుగు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పైన్ నారు నాటుటకు దీనిని చాలాకాలంగా వాడుచున్నారు. పది అంగుళాల పొడవు, మూడు నాలుగు అంగుళాల వెడల్పు గల ఇనుప పలక. పైన మందంగా, అంచున పలుచగా ఉండును. దానికి నడుము ఎత్తు కర్ర, పాదం మోపుటకు ఒక మెట్టు. మీ ఊరి కమ్మరి పాత లారీ కమాను పట్టాతో దీనిని చేయగలడు.

వాడుక ఇట్లు: పలుగును నిట్టనిలువుగా నిలిపి, మెట్టుపై త్రొక్కి పలకను పూర్తిగా దింపండి. కొంచెం ఊపి పైకి తీయండి. చీలికలో మొక్కను అవసరమైన దానికంటె లోతుగా దింపి, తరువాత కొద్దిగా పైకి లాగండి. ఈ లాగుటతో వేళ్ళు తిన్నగా సాగును. మొక్క మొదలు నేలమట్టానికి కొంచెం క్రిందుగా ఉండవలెను. ఇప్పుడు మొక్కకు రెండు మూడు అంగుళాల దూరంలో, మీ వైపున, పలుగును మరల దింపండి. పిడిని మీ వైపుకు లాగినచో చీలిక అడుగుభాగం మూసుకొనును. ముందుకు నెట్టినచో పైభాగం మూసుకొనును. రెండవ చీలికను మడమతో త్రొక్కి మూయండి. లాగుట మానివేసి నెట్టుట మాత్రమే చేసినచో గునపానికీ దీనికీ భేదం లేదు.

పొడి ఇసుకలో చీలిక నిలువదు. వాన పడి జానెడు లోతు తడిసిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. తడి బంకమట్టిలో పలక తగిలిన గోడ నునుపెక్కి వేళ్ళకు అడ్డగును. అట్టి చోట గుంట త్రవ్వి నాటుటే మంచిది. వేళ్ళు మరీ పొడవైనచో కత్తిరించండి, మడవకండి. నారుకట్టను ఎండలో పరచరాదు. తడి గోనెలో చుట్టి, చేతికి కావలసినంత మాత్రమే తీయవలెను.

నాలుగడుగుల ఎడంతో ఎకరాకు సుమారు 2,700 మొక్కలు పట్టును. మొక్కకు ఇంత అని గుత్తకిచ్చినచో కూలీలు తొందరపడుట సహజం, తప్పు వారిది కాదు. ఈ ఒక్క పనికి రోజు కూలియే ఇవ్వమని మా సలహా. ప్రతి వరుసలో అక్కడక్కడ మొక్క కొనను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూడండి. ఊడి వచ్చినచో అడుగున బోలు ఉన్నదన్నమాట. నూరింటికి రెండు మూడింటిని ప్రక్కగా త్రవ్వి, వేరు తిన్నగా ఉన్నదో లేదో కూలీలకే చూపండి.

గట్టి ప్లాస్టిక్ గూళ్ళలో మట్టిముద్దతో పెంచిన జామాయిల్ మొక్కలకు ఈ పలుగు పనికిరాదు. వాటికి ఫిన్లాండులో 1970 దశకంలో రూపొందిన నాటు గొట్టం వంటిది కలదు. దాని ముక్కును నేలలో గ్రుచ్చి, మొక్కను పైనుండి గొట్టంలో జారవిడిచి, కాలితో మెట్టు నొక్కినచో ముక్కు తెరచుకొనును, నడుము వంచనక్కరలేదు. మట్టిముద్ద తనంతట తాను జారునంత వెడల్పు గొట్టాన్నే ఎన్నుకొనవలెను.

చచ్చిన మొక్కల చోట నెల లోపుగానే మారు మొక్కలు నాటండి. ఆలస్యమైనచో చుట్టునున్నవి నీడ కమ్మి వాటిని ఎదగనీయవు.