సముద్రపు వేటకు గాలపుకఱ్ఱ

గోదావరి కాలువగట్లపై పెరిగినవారికి గాలము క్రొత్త వస్తువు కాదు. సన్నని వెదురుకఱ్ఱ, రెండు బారల దారము, ఒక బెండు, కొక్కెమునకు గ్రుచ్చిన వానపాము ఉన్నచో చాలును. బడిపిల్లవాడు సయితము ఒక పూట కూరకు సరిపడు జెల్లలను, మట్టగిడసలను పట్టుకొని ఇంటికి వచ్చును. అయితే ఆ కఱ్ఱతోనే కాకినాడలో పడవ యెక్కి, హోప్ దీవి దాటి సముద్రములోనికి పోయినచో సంగతి వేఱుగా నుండును.

కొన్ని యేండ్ల క్రిందట మేము అట్టి పొరపాటే చేసితిమి. ఏటివేటకు వాడుకొను పొడుగైన మెత్తని కఱ్ఱను వెంట గొనిపోతిమి. గడియసేపటికి ఏదో పెద్దచేప ఎర నందుకొన్నది. తొందరలో కఱ్ఱను నిలువుగా ఆకాశమువైపు ఎత్తితిమి. కొస పుటుక్కున విఱిగినది. దారము పడవ అంచున ఒఱసికొని తెగినది. చేప నోటిలో కొక్కెముతోనే పోయినది. చుక్కాని పట్టుకొన్న వృద్ధుడు మమ్ము చూచి, “కర్రని సేప ఇరగ్గొట్టలేదు బాబూ, తమరే ఇరిసేరు” అన్నాడు. ఆ మాట యెంత నిజమో తెలిసికొనుటయే సముద్రపు గాలపుకఱ్ఱను గూర్చి తెలిసికొనుట.

మన తీరమున మత్స్యకారులు వలలతోను, చేతిత్రాటి గాలములతోను వేటాడుదురు. కఱ్ఱ పట్టువారు అరుదు. చేతిత్రాటితో వేటాడువానిని గమనింపుడు. చేప పరుగు తీసినపుడు అతడు త్రాటిని వ్రేళ్ళ నడుమనుండి జాఱనిచ్చును. అది అలసినపుడు మెల్లగా లాగికొనును. ఒక్కసారిగా బిగబట్టినచో త్రాడైనను తెగును, వ్రేళ్ళైనను కోసికొనిపోవును. అతని చేయి చేయు పనినే కఱ్ఱయు, దానికి బిగించిన రీలును చేయవలెను. కఱ్ఱ వంగి అదటును మ్రింగును. రీలులోని బ్రేకు దారమును కొంచెము కొంచెముగా విడుచును. కఱ్ఱ చేపను పైకెత్తు దూలము కాదు. దారమును కాపాడు స్ప్రింగు.

ఇక కొనుట. మొదట పొడవు చూడవలెను. ఒడ్డున నిలిచి ఎరను దూరముగా విసరువారికి 12 అడుగుల కఱ్ఱ కావలెను. పడవలో నున్నవారికి నీరు కాళ్ళ క్రిందనే యున్నది గనుక 6 మొదలు 7 అడుగుల కఱ్ఱ చాలును. పొడవు పెరిగినకొలది బలము చేపకే చేకూరును. 7 అడుగుల కఱ్ఱ మొదలును పొట్టకు ఆనించి, 2 అడుగుల పైన ఎడమచేత పట్టితి మనుకొందము. కొసయొద్ద చేప అడ్డముగా 5 కిలోల బలముతో లాగినచో, మన చేయి పదిహేడున్నర కిలోల బలముతో ఆపవలసియుండును. 12 అడుగుల కఱ్ఱతో అదియే 30 కిలోలగును. వీపునొప్పి ఎక్కడనుండి వచ్చునో దీనినిబట్టి తెలియును.

రెండవది సత్తువ. కఱ్ఱపై 12, 20, 30, 50 పౌండ్లని అంకెలు వేసియుండును. అది పట్టదగిన చేప బరువని పలువురు భ్రమపడుదురు. ఎంత బలము తాళు దారమునకు ఆ కఱ్ఱ తగునో ఆ అంకె చెప్పును. ఇరువది పౌండ్ల కఱ్ఱకు ఏబది పౌండ్ల దారము కట్టినచో దారము నిలుచును, కఱ్ఱ విఱుగును. మాగకు, నడితరపు వంజరమునకు వెళ్ళువారు తొలిసారి 20 లేక 30 పౌండ్ల కఱ్ఱ కొనుట మేలు.

మూడవది పదార్థము. వెనుకటి కాలమున వెదురును బద్దలుగా చీల్చి జిగురుతో అతికి మేలిరకపు కఱ్ఱలు చేసిరి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఫైబర్ గ్లాసు, 1970 తరువాత కార్బను వచ్చినవి. ఫైబర్ గ్లాసు కొంత బరువైనను మొరటుతనమున కోర్చును. పడవబల్లలకు కొట్టుకొన్నను త్వరగా చెడదు. కార్బను తేలిక, బిగువు. కాని దెబ్బ తగిలినచోట కంటికి కానరాని పగులు మిగిలి, పిమ్మట హఠాత్తుగా విఱుగును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: కార్బనులో విద్యుత్తు ప్రవహించును. మన కాలువగట్ల మీదను, రేవులలోను కరెంటు తీగలు తలపైననే వ్రేలాడుచుండును. కఱ్ఱను నిలువుగా పట్టుకొని వాని క్రింద నడచుట ప్రాణాపాయము. ఉఱుము వినబడినపుడును దానిని దింపి పడుకోబెట్టవలెను.

అంగడిలో కొన్ని పరీక్షలు చేయవచ్చును. దారము నడచు వలయములలోనుండి కొంచెము దూదిని లాగి చూడుడు; పోగు చిక్కుకొన్నచో లోపల పగులున్నదన్నమాట, అది దారమును కోయును. రీలు బిగించి, దారమును అన్ని వలయములలోనుండి తీసి, కొసను ఒకరిచే పట్టించి కఱ్ఱను వంచుడు. రీలు పైన నుండు రకమైనచో, వంగినపుడు దారము కఱ్ఱను తాకరాదు. తాకినచో వలయములు చాలలేదని యర్థము. రీలు కూర్చున్నచోట కదలిక యుండరాదు.

వాడుకలో మొదటి పాఠము బ్రేకు. దారము తాళు బలములో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు లాగినపుడు అది జాఱునట్లు బిగింపవలెను. ఇరువది పౌండ్ల దారమునకు ఐదారు పౌండ్లు. కొట్టులోని స్ప్రింగు కాటాను దారము కొసకు తగిలించి లాగినచో లెక్క తెలియును. చేప పరుగు తీయునపుడు రీలు త్రిప్పరాదు. అది ఆగినపుడు కఱ్ఱను మెల్లగా ఎత్తి, దించుచు దారమును చుట్టుకొనవలెను. ఎత్తుట సగము నిలువుకు మించరాదు. మించినచో భారమంతయు సన్నని కొసపై పడును. మేము చేసిన తప్పిదము ఇదియే. చేప ప్రక్కకు వచ్చిన పిదప వలబుట్టతో తీయవలెనే గాని కఱ్ఱతో ఎత్తరాదు. వంజరము పండ్లు నైలానును కత్తివలె కోయును గనుక కొక్కెమునకు ముందు జానెడు ఉక్కుతీగ కట్టుట మఱువరాదు. ఇంటికి వచ్చిన వెంటనే కఱ్ఱను, రీలును మంచినీటితో కడిగి ఆరబెట్టినచో ఉప్పు తినివేయదు.

ఇన్నియు అమరినను సముద్రము మన చెప్పుచేతలలో నుండదు. అంతర్వేదియొద్ద వసిష్ఠ సముద్రమున కలియుచోటనేమి, గౌతమి ముఖమునేమి, ఇసుకతిన్నెలు ఏటేట తావు మార్చుకొనుచుండును. అక్కడ కెరటము నిలువున విఱుగును గనుక ఆ తావు దాటునపుడు కొక్కెములు విప్పి, కఱ్ఱలు కట్టివేసి, ప్రాణరక్షక కవచము తొడుగుకొని కూర్చుండవలెను. యంత్రపు పడవల వేటకు ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమపై పడిన తుపాను, సముద్రములో నున్న ఎందఱో మత్స్యకారులను మరల ఇల్లు చేరనీయలేదు. వారు వినోదమునకు పోయినవారు కారు, కూటికి పోయినవారు. వినోదమునకు పోవు మనకు ఒకనాడు ఆగిపోవుట కష్టము కాదు. కనుక కఱ్ఱను చేతబట్టుటకు ముందు రేడియో పెట్టి వాతావరణ సూచన వినుడు. ప్రమాద సూచికలు ఎగురవేసిరని విన్నచో, కఱ్ఱను గోడకు చేరవేసి ఇంటనే యుండుడు.