వడ్రంగిపిట్ట కాలికి రంగుల కడియము

ఒక తొర్రలోని పిల్లలకు మూడు పెద్ద పిట్టలు మేత తెచ్చుచున్నవి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. మరి మూడవది ఎవరు? మూడును చూపునకు దాదాపు ఒక్క తీరుగనే ఉండును. అమెరికా ఆగ్నేయ భాగములోని పైన్ అడవులలో నివసించు రెడ్ కొకేడెడ్ అను వడ్రంగిపిట్ట విషయములో ఈ ప్రశ్న పుట్టినది. దానికి సమాధానము ఇచ్చినది కాలికి తొడిగిన చిన్న కడియము.

ఈ పిట్టలు వేసవి ఆరంభమున సాధారణముగా మూడు, నాలుగు గ్రుడ్లు పెట్టును. సుమారు 10 నుండి 12 దినములలో పిల్లలు బయటపడును. పరిశీలకులు పొడవైన కఱ్ఱకు అద్దము గాని చిన్న కెమెరా గాని అమర్చి తొర్రలోనికి చూచి పిల్లల వయస్సును అంచనా వేయుదురు. 5 నుండి 10 దినముల మధ్య నిచ్చెన వేసుకొని ఎక్కి, మెత్తని ఉచ్చుతో పిల్లలను మెల్లగా పైకి తీయుదురు. అంతకు ముందైన కాలు మరీ చిన్నది, కడియము నిలువదు. ఆలస్యమైన పిల్లలు ఉచ్చును తప్పించుకొన జూచును, గాయపడవచ్చును.

ఒక కడియము అల్యూమినియముది. దానిపై అంకె ఉండును. తక్కినవి రంగుల ప్లాస్టిక్ కడియములు. రంగులు 5, తొడుగవలసిన చోట్లు 3 అనుకొనుడు. 5×5×5 = 125 పిట్టలను వేరువేరుగా గుర్తింపవచ్చును. తరువాత పిట్టను మరల పట్టవలసిన పని లేదు. దూరము నుండి దుర్భిణితో రంగులు చదివిన చాలును.

ఇట్లు ఏండ్ల తరబడి చూడగా మూడవ పిట్ట సంగతి తేలినది. అది చాలవరకు ముందటి సంవత్సరములలో అదే జంటకు పుట్టిన మగపిల్ల. అనగా గూటిలోని పిల్లలకు అన్న! అది గ్రుడ్లు పొదుగుటలోను, మేత పెట్టుటలోను తోడ్పడును.

అది వేరు కాపురము పెట్టదేల? ఈ జాతి బ్రతికియున్న ముసలి పైన్ చెట్లలోనే తొర్ర తొలచును. ఒక్క తొర్రకు ఏడాది మొదలు అనేక సంవత్సరములు పట్టును. అందుచేత కొత్త చోట తొలచుట కంటె పుట్టినచోట వేచియుండుటయే మేలు. ఈ ఊహను వాల్టర్స్, కోపియన్, కార్టర్ అనువారు ఉత్తర కరోలినాలో పరీక్షించి 1992లో ఫలితములు ప్రకటించిరి. పిట్టలు లేని 20 చోట్ల వారు చెట్లకు తొర్రలు తొలువగా, 18 చోట్లకు పిట్టలు వచ్చి చేరినవి. తొలువని 20 చోట్లలో ఒక్కదానికైనను రాలేదు.

కొరత తొర్రలదే అని తెలియుట ఈ జాతికి ప్రాణదానమైనది. 1989లో హ్యూగో తుఫాను దక్షిణ కరోలినాలోని ఫ్రాన్సిస్ మేరియన్ అడవిలో గూటి చెట్లను పెక్కింటిని కూల్చినప్పుడు, మనుష్యులు అమర్చిన తొర్రలే మిగిలిన పిట్టలకు ఆశ్రయమైనవి. 1970లో అంతరించు ప్రమాదములో ఉన్నట్లు ప్రకటింపబడిన ఈ జాతిని 2024లో అంతకంటె తక్కువ ప్రమాదముగల తరగతికి మార్చిరి.

పిట్టను పట్టి కడియము తొడుగుట ప్రభుత్వానుమతి, శిక్షణ కలవారి పని. కాని మన తోటలలోని వడ్రంగిపిట్ట గూటిని విద్యార్థులు దూరము నుండియే చూచి, గంటకు ఎన్నిసార్లు మేత వచ్చినదో, ఏ పిట్ట తెచ్చినదో వ్రాసికొనవచ్చును. గూటిని తాకరాదు, పిట్ట బెదరిన వెంటనే వెనుకకు తగ్గవలెను.