ఈ-సిగరెట్టు: కాయిల్ మారిస్తే అపాయం పోతుందా?

ఆదోని, ఎమ్మిగనూరు, దేవరగట్టు వైపు పల్లెల నుండి పనికో, చదువుకో బెంగళూరు వెళ్లిన పిల్లల జేబులో పెన్ను లాంటి పరికరం మీకు కనిపించవచ్చు. "ఇది సిగరెట్టు కాదమ్మా, వట్టి ఆవిరి. మంచి కాయిల్ వేసి వాట్లు తగ్గించుకుంటే ఏమీ కాదు" అని వారు చెప్పవచ్చు. ఈ మాటలో నిజమెంతో తెలుసుకుందాం.

పరికరంలో ఏముంది?

బ్యాటరీ, కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే చుట్టతీగ వంటి చిన్న తీగ, దాని మధ్య దూదివత్తి, నికోటిన్ కలిసిన ద్రవం. ఈ తీగనే కాయిల్ అంటారు. మీట నొక్కగానే తీగ వేడెక్కి, దూది పీల్చుకున్న ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన రసాయనాలు ఉంటాయి.

వాట్ల లెక్క

తీగ నిరోధాన్ని ఓముల్లో కొలుస్తారు. నిండా చార్జి అయిన సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది. 1.5 ఓముల కాయిల్ దాని నుండి సుమారు 12 వాట్లు తీసుకుంటుంది. అదే 0.2 ఓముల కాయిల్ అయితే 88 వాట్లు, అంటే 21 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. చాలా సెల్లులు అంత కరెంటును తట్టుకోలేవు. సొంతంగా చుట్టిన కాయిల్‌లో తీగలు తగిలి షార్టయితే సెల్లు జేబులోనే మండవచ్చు, పేలవచ్చు.

గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు మాడదు. దూది తడిగా ఉన్నంతసేపు కాయిల్ కూడా అంతే. వాట్లు పెంచినా, ద్రవం తగ్గినా దూది ఎండి మాడుతుంది, ద్రవం విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ వంటి విషాలు పుడతాయి. 2015లో అమెరికా పరిశోధకులు పరీక్షించినప్పుడు 3.3 వోల్టుల వద్ద కనిపించని ఫార్మాల్డిహైడ్ 5 వోల్టుల వద్ద కనిపించింది. అంత మాడిన ఆవిరిని ఎవరూ పీల్చలేరని కొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. అయినా వేడి పెరిగేకొద్దీ విషం పెరుగుతుందన్నది నిజం.

మరి వాట్లు తగ్గిస్తే?

ఈ విషాలు తగ్గుతాయి, నికోటిన్ పోదు. అలవాటుపడిన శరీరం తనకు కావలసినంత నికోటిన్ అందేవరకు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు పీల్పిస్తుంది. తీగ మార్చినా లాభం తక్కువే. నిక్రోమ్‌లో నికెల్, క్రోమియం ఉంటాయి. కాంతాల్‌లో ఇనుము, క్రోమియం, అల్యూమినియం ఉంటాయి. 2018లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 56 మంది పరికరాలను పరీక్షించగా, ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం కనిపించాయి. కాబట్టి ఏ కాయిల్, ఏ సెట్టింగూ పూర్తిగా క్షేమం కాదు.

కాల్చే సిగరెట్టు కంటే దీనితో హాని తక్కువని బ్రిటన్ వైద్యాధికారులు చెబుతున్న మాట వాస్తవమే. అది ఏళ్ల తరబడి పొగ తాగి, మానడానికి చూస్తున్న పెద్దలకు చెప్పిన మాట. ఎన్నడూ పొగ ముట్టని పిల్లవాడికి ఇది కొత్త బానిసత్వమే.

చట్టం

మన దేశంలో 2019 నుండి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన నేరం. అమ్మినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ పడవచ్చు. దొంగచాటుగా వచ్చే సీసాలో నిజంగా ఏముందో చెప్పే నాథుడు ఉండడు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే

మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములున్న 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. పండ్ల వాసన చూసి పసిపిల్లలు తాగితే ప్రాణం పోవచ్చు. తాగితే వాంతి చేయించకండి. చర్మంపై పడితే నీళ్లతో బాగా కడగండి. వెంటనే, ఆ సీసాతో సహా, ఆసుపత్రికి తీసుకురండి.

మానాలనుకునేవారికి

చిరాకు, నిద్రలేమి, ఆకలి మొదటి వారంలో ఎక్కువగా ఉండి, కొద్దివారాల్లో తగ్గుతాయి. డాక్టరు సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వాడవచ్చు. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. పిల్లవాడి జేబులో పరికరం దొరికితే నలుగురిలో తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఎప్పటి నుండి, రోజుకు ఎన్నిసార్లు అని అడగండి. మా వద్దకు వచ్చినప్పుడు మేమూ మొదట అడిగేది అదే.