చిన్న ఖండికల మూలమున ఆంగ్లాధ్యయనము : అన్వయవిచారము

సి. పి. బ్రౌను పేరు వినగానే నిఘంటువు, వేమన పద్యములు, తాళపత్ర ప్రతుల సేకరణము మనకు స్ఫురించును. ఆయన 1852 ప్రాంతమున మదరాసులో ప్రకటించిన 'తెలుగు రీడరు'ను తలంచువారు తక్కువ. ఇంగ్లండు నుండి వచ్చిన ఉద్యోగులకు తెలుగు నేర్పుటకై కూర్చిన పుస్తకమది. సొంత ఉత్తరములు, వ్యాపారపుటుత్తరములు, పోలీసు వ్యవహారములకును రెవిన్యూ వ్యవహారములకును సంబంధించిన లేఖలు మున్నగు చిన్న చిన్న రచనలను ఆయన ఎన్నుకొనెను. వానికి ఆంగ్లానువాదమును, వ్యాకరణ విశేషములను తెలుపు వివరణమును, ఒక చిన్న పదకోశమును జతచేసెను. పదము, వ్యాకరణము, భావము అను మూడును ఒక చిన్న రచన నాశ్రయించి యొక్కచోట నిలిచినప్పుడే పరభాష పట్టుబడునని బ్రౌను గ్రహించెనని ఈ కూర్పే చెప్పుచున్నది.

నేడు ఆ దారినే మన పిల్లలు ఎదురుదిక్కుగా నడచుచున్నారు. ఆంగ్లము నేర్చు తెలుగు విద్యార్థికి తరగతిలో లభించునది ప్రధానముగా చిన్న ఖండికయే. ఇచ్చట ఖండిక యనగా పద్యఖండిక యని భావింపరాదు. ముప్పది మొదలు రెండు వందల పదముల వరకు గలిగి, తనంత తాను పూర్తియైన గద్యభాగమునకే మేమీ పేరు వాడుచున్నాము. పల్లెలోని విద్యార్థికి ఇంటను వీథిలోను ఆంగ్లము వినబడదు. అతడు ఎరిగిన ఆంగ్ల ప్రపంచమంతయు ఆ పుటయే. కనుక ఆ పుటను ఎట్లు చదివింతుమనుట చిన్న విషయము కాదు. ఇది ఆంగ్లోపాధ్యాయులు చూచుకొనవలసిన విషయము కదా, తెలుగు శాఖ పత్రికలో దీనికి తావేల యని కొందరడుగవచ్చును. విద్యార్థి తడబడు తావులలో పెక్కు తెలుగు వాక్యనిర్మాణము నెరిగినవారికే స్పష్టముగా కనబడునని మా సమాధానము.

మన పద్యపఠన సంప్రదాయమున పదవిభాగము, అన్వయము, ప్రతిపదార్థము, తాత్పర్యము అను క్రమమున్నది. వీనిలో అన్వయము ప్రాణము. ఏ పదము దేనితో కూడునో, ఏ క్రియకు కర్త యెవరో, ఏ విశేషణము ఎవరిని చెప్పునో తేల్చిన పిమ్మటనే తక్కినవి సార్థకములగును. ఇదే సంప్రదాయము ఆంగ్లపు తరగతికిని ప్రాకినది, కాని దారిలో ఒకటి జారిపోయినది. పాఠమునకు ముందు పదముల పట్టిక ప్రతిపదార్థమైనది. పాఠమునకు పిమ్మట ఉపాధ్యాయుడు తెలుగున చెప్పు సారాంశము తాత్పర్యమైనది. అన్వయము మాత్రము లుప్తమైనది. బజారులో అమ్ము గైడులలో ఈ లోపము మరింత స్పష్టము. ఒకవైపు అర్థములు, ఒకవైపు సారాంశము. నడుమ వంతెన లేదు.

మాట గాలిలో తేలిపోకుండుటకై మేమొక ఖండికను కల్పించి ఇచ్చట ఇచ్చుచున్నాము. "ఎ ఫార్మర్ హ్యాడ్ ఎ వెల్. ది వెల్ హ్యాడ్ డ్రైడ్ అప్. సో హి వెంట్ టు ఎ నెయిబర్ అండ్ ఆస్క్డ్ హిమ్ ఫర్ వాటర్. ది నెయిబర్, హూజ్ వెల్ వాజ్ ఫుల్, సెడ్ నో. దట్ నైట్ ఇట్ రెయిన్డ్." మొత్తము 33 పదములు, వేర్వేరు పదములు 26. కథ అల్పమైనదే. అయినను తెలుగు విద్యార్థిని ఏండ్ల తరబడి వేధించు చిక్కులలో ముఖ్యమైనవి దీనిలో నాలుగైదు కలవు.

మొదటిది 'ఎ', 'ది' అను ఉపపదముల సంగతి. వ్యాకరణ పుస్తకములలో ఖాళీలు పూరింపుమని విడివిడి వాక్యములిత్తురు. విడి వాక్యమున ఈ భేదము బోధపడుట దుష్కరము, ఏలయన అది వాక్యము లోపలిది కాదు, వాక్యమునకును వాక్యమునకును నడుమ నుండునది. ఒక వస్తువు తొలిసారి కథలోనికి వచ్చునప్పుడు 'ఎ', అది ఎరుకపడిన పిదప 'ది'. ఈ సూత్రము మన పిల్లలకు కొత్తది కాదు. అనగా అనగా ఒక రాజు అని మొదలిడిన అవ్వ రెండవ వాక్యమున 'ఆ రాజు' అనును. ఆ కథలు విన్న బిడ్డకు 'ఎ', 'ది'ల మర్మము సగము తెలిసియే యున్నది. తెలిసినదని చెప్పువారు లేరు. తక్కిన సగమే కష్టము. మూడవ వాక్యము నాటికి అవ్వ 'ఆ'ను విడిచి ఉత్త 'రాజు' అని సాగిపోవును. ఆంగ్లమున 'ది' చివరి దాక వదలదు. ఈ తేడా రెండు వాక్యములలో కనబడదు, నాలుగైదు వాక్యములు కావలెను. ఖండిక కనీస పరిమాణమును నిర్ణయించునది ఇదియే యని మా యభిప్రాయము.

రెండవది 'హ్యాడ్ డ్రైడ్'. మొదటి వాక్యములోని 'హ్యాడ్' కలిగియుండుటను తెలుపును. రెండవ దానిలోనిది సహాయక్రియ. బావి ఎండుట పూర్వము జరిగినది, రైతు పొరుగింటికి పోవుట తరువాత జరిగినది. తెలుగున 'బావి ఎండిపోయినది' అన్న చాలును; ముందు వెనుకలు సందర్భమువలన తెలియును. ఆంగ్లము ఆ పౌర్వాపర్యమును క్రియారూపముననే చూపగోరును. ఒంటరి వాక్యమున ఈ రూపమునకు ప్రయోజనమే కానరాదు. దేనికంటె పూర్వమో చెప్పు మరియొక క్రియ ఖండికలో నున్నప్పుడే దాని అవసరము విద్యార్థికి తట్టును.

మూడవ వాక్యమును తెలుగు చేసినచో 'పొరుగువాని కడకు పోయి నీళ్లడిగెను' అందుము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున చర్చించిన క్త్వార్థకము మనకెంతయో సుఖమిచ్చును. 'పోయి' అనినంతనే తరువాతి క్రియకును కర్త ఒకడేయని తెలిసిపోవును. 'అతడు' అను పదమే అక్కరలేదు. ఆంగ్లము 'హి' అనియు 'హిమ్' అనియు ఇరువురను వేరువేరుగా పేర్కొనినది. ఈ వాక్యములో 'హి' ఎవరు, 'హిమ్' ఎవరు అని వ్రేలు పెట్టి చూపించుటయే అన్వయము. అర నిమిషము పని. పెక్కు తరగతులలో ఆ అర నిమిషమునకే కరవు.

ఇక 'హూజ్' వద్ద చిక్కు మరింత లోతైనది. తెలుగు ధాతుజ విశేషణము అద్భుతమైన పరికరము. నీళ్లు తెచ్చిన మనిషి, నీళ్లు తెచ్చిన కుండ, నీళ్లు తెచ్చిన బావి—ఈ మూడింటను 'తెచ్చిన' ఒక్కటే. ఒకచోట కర్త, ఒకచోట సాధనము, ఒకచోట మూలస్థానము. ఆ సంబంధమును వినువాడు లోకజ్ఞానముచే పూరించుకొనును. ఆంగ్లమున మొదటి దానికి 'హూ', రెండవ దానికి 'ఇన్ విచ్', మూడవ దానికి 'ఫ్రమ్ విచ్' అని సంబంధమును పేర్కొనక తప్పదు. పైగా తెలుగు విశేషణము నామమునకు ముందు నిలుచును, ఆంగ్లపు ఉపవాక్యము వెనుక నిలుచును. కావున తెలుగు విద్యార్థి 'ది నెయిబర్' అని చదివి, తరువాతి మాటలు కొత్త వాక్యమని భ్రమించి, 'సెడ్ నో' అను క్రియ వచ్చునప్పటికి దాని కర్తను పోగొట్టుకొనును. ఇచ్చట అతనికి కొరవడినది పదార్థజ్ఞానము కాదు. 'హూజ్' అనగా 'ఎవని' అని పట్టికలో చూచినను ఈ ముడి విడదు.

చివరి వాక్యములోని 'ఇట్' కడ బుద్ధిమంతుడైన విద్యార్థియే ఎక్కువ తికమకపడును. సర్వనామము వెనుకటి నామమును సూచించునని నేర్చినవాడు కనుక ఇది బావియా, నీరా యని వెదకును. తెలుగున కురియుటకు వాన యను కర్త కలదు. ఆంగ్లమున కర్తృస్థానము శూన్యముగా నుండరాదు కాన అర్థరహితమైన 'ఇట్' ఆ పీఠమెక్కినది. ఆ వెదకుట అవివేకము కాదని ఉపాధ్యాయుడు గుర్తింపవలెను.

పదముల విషయమును కొంత చెప్పవలెను. 'ఆస్క్' అనగా 'అడుగు' అని పట్టిక చెప్పును. ప్రశ్నించుటయు యాచించుటయు తెలుగున అడుగుటయే. అందుచే పట్టికను నమ్మినవాడు 'ఆస్క్డ్ వాటర్' అని వ్రాయును. 'ఫర్' చేరినప్పుడే యాచన యను భావము వచ్చునని ఖండిక చూపును. 'వెల్' బావి యనియు, బాగుగా అనియు చెప్పును. ముందు 'ఎ' యున్నది కాన బావి. ఇట్లు ఉపపదము నిఘంటువు పనిని కూడ కొంత చేయుచున్నది. ప్రసంగవశమున ఒక మాట: మన దేశపు ఆంగ్లమున 'టేంక్' అనగా చెరువు. ఆ పదమునే పరదేశపు కథలో చదివి, యుద్ధశకటమును చెరువని భావించినచో తప్పు ఆ బాలునిది కాదు, సందర్భమునుండి పదమును ఊడబెరికి కంఠస్థము చేయించిన పద్ధతిది.

కొత్త పదములు ఎన్ని యుండవచ్చును? ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షుడుగా నుండిన మైకేల్ వెస్ట్ వంగదేశపు బాలుర పఠనమును పరిశీలించి 1926లో గ్రంథము వెలువరించెను. వాచకములలో కొత్త పదములు క్రిక్కిరిసియుండుటయు, వచ్చిన పదము మరల రాకుండుటయు ఆయన కనుగొనిన ముఖ్యదోషములు. ఆయన కూర్చిన రెండువేల పదముల సామాన్య పదావళి 1953లో ప్రకటితమైనది. 2000వ సంవత్సరమున హు, నేషన్ అను పరిశోధకులు ఒక కథను భిన్న ప్రమాణములలో అపరిచిత పదములతో నింపి చదివించి చూచిరి. నూటికి ఇరువది పదములు తెలియనప్పుడు తగినంత గ్రహించినవారు ఒక్కరును లేరు. సహాయము లేకుండ హాయిగా చదువుటకు నూటికి తొంబదియెనిమిది తెలిసియుండవలెనని వారు తేల్చిరి. ఈ లెక్కన మా 33 పదముల ఖండికలో ఒక్క కొత్త పదమునకును పూర్తిగా చోటు లేదు. మూడు వందల పదముల పాఠమునకు ఇరువది కొత్త పదముల పట్టిక నిచ్చినచో, తెలియనివి నూటికి ఆరింటికి మించును. అట్టి పాఠము చదువుటకు పనికిరాదు, ఉపాధ్యాయుడు విప్పిచెప్పుటకు మాత్రము పనికివచ్చును. ఈ రెండు విధములైన ఖండికలను వేరుపరుపకుండుట మన వాచకములలోని పెద్ద లోపము. స్వయముగా చదువుటకు సులభమైనవి, తరగతిలో అన్వయించుటకు కొంచెము కఠినమైనవి. రెండును కావలెను, కాని ఒకే పుటపై కాదు.

ఒక్క ఖండికతో పదము నిలువదనుట స్పష్టమే. ఫిజీ ద్వీపముల గ్రామీణ పాఠశాలలలో కథల పుస్తకములను విరివిగా నిచ్చి ఎల్లీ, మంగూభాయి అనువారు చేసిన ప్రయోగఫలితములు 1983లో వెలువడినవి. ఆ పిల్లలు పఠనమున తోటివారికంటె ఎంతయో ముందంజ వేసిరి. అన్ని పుస్తకములు లేని బడిలో ఒకే రైతును, ఒకే బావిని పట్టుకొని వరుసగా పది ఖండికలను అల్లుట సులభోపాయము. పరిచిత పదములు వాటంతట అవే మరల మరల వచ్చును.

ప్రశ్నల సంగతి చూతము. "ఎ ప్లిమ్ హ్యాడ్ ఎ ట్రోబ్. ది ట్రోబ్ హ్యాడ్ జిన్డ్ అప్." ఇందు 'ప్లిమ్', 'ట్రోబ్', 'జిన్డ్' మేము కల్పించిన అర్థరహిత శబ్దములు. ప్లిమ్‌నకు ఏమి కలదని అడిగినచో 'ఎ ట్రోబ్' అని ఎవరైనను వ్రాయగలరు, పూర్తి మార్కులును పొందగలరు. పరీక్షలలోని గ్రహణప్రశ్నలు పెక్కు ఇట్టివే. ప్రశ్నలోని మాటను ఖండికలో వెదకి, ఆ పంక్తిని దింపినచో చాలును. బాగుగా గ్రహించియు ఆంగ్లమున వాక్యము కూర్పలేని విద్యార్థి అదే పరీక్షలో ఓడిపోవును. ఈ అన్యాయము మమ్ము ఎక్కువగా బాధించుచున్నది. బావి ఎండినది రైతు పొరుగింటికి పోకముందా, పోయిన పిదపనా? నీరు లేదన్నవాని బావి ఎట్లున్నది? ఇట్టి ప్రశ్నలకు పంక్తి దింపుట పనికిరాదు. మొదటిది 'హ్యాడ్ డ్రైడ్'ను, రెండవది 'హూజ్'ను పరీక్షించును. తొలి తరగతులలో వీనికి తెలుగున సమాధానము చెప్పనిచ్చుట దోషము కాదు. పరీక్షించుచున్నది పఠనమును కదా.

ఆంధ్రప్రదేశమున 2020 తరువాత, తెలంగాణమున 2022 తరువాత ఎదురెదురు పుటలలో ఆంగ్లమును తెలుగును ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకములు ప్రభుత్వ పాఠశాలలకు వచ్చినవి. వీనిలో బ్రౌను పద్ధతి ఛాయ కొంత కలదు, మేము హర్షించుచున్నాము. కాని బ్రౌను పక్కన అనువాదముంచి ఊరకుండలేదు, వ్యాకరణ వివరణమును కూడ ఇచ్చెను. ఎదుటి పుటలోని తెలుగు తాత్పర్యమును మాత్రమే ఇచ్చును. విద్యార్థి కన్ను సహజముగా తెలిసిన లిపివైపే పోవును. చేతిలోని ఫోను ఇచ్చు అనువాదమును అట్టిదే. ఈ సాధనములను దాచుటకంటె వానిచేతనే అన్వయము చేయించుట మేలు. తెలుగు పుటలోని 'నిండిన బావి గల' అను మాట ఆంగ్లపుటలో ఎచ్చట చేరినదో గీత గీయుమని అడిగినచో రెండు పుటలును పని చేయును.

పై కథకు రెండవ ఖండికను వ్రాయబోయినప్పుడు ఒక విశేషము తటస్థించినది. మరునాటి ఉదయము రైతు బావిలోనికి తొంగిచూచెనని చెప్పవలెను. 'ది వెల్' అన్నచో ఇద్దరి బావులలో ఏది? 'హిజ్ వెల్' అన్నను, నడుమ పొరుగువాని ప్రస్తావన వచ్చినచో సందేహము తీరదు. ఆంగ్లము 'హిజ్ ఓన్' అని మరియొక మాట చేర్చుకొనవలసివచ్చును. తెలుగున 'అతని బావి' వేరు, 'తన బావి' వేరు. ఈ తావున లోపము ఆంగ్లమునది, సంపద మనది. ఏ బావి యని విద్యార్థులనే అడిగి, 'ఓన్' అను పదము యొక్క అవసరమును వారిచేతనే చెప్పించి, పిమ్మట ఖండికను నల్లబల్లపై వ్రాయవచ్చును.