లోడు లారీ డ్రైవరుకు నిద్ర ఎందుకు కరువవుతోంది? రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

దిండి పరిసరాల్లో కొబ్బరి దింపు తీసినా, రొయ్యల పట్టుబడి చేసినా సరుకు బయటకు వెళ్లేది లారీ మీదే. అది చించినాడ వంతెన దాటగానే మన పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ డ్రైవరు అలసట చాలాసార్లు మన తోటలోనో, చెరువు గట్టు మీదనో మొదలవుతుంది.

అలసటకు కారణాలు

1. లోడు కోసం ఎదురుచూపు: ఉదయం పిలిచిన లారీకి కాయ లెక్క తేలేసరికి సాయంత్రమవుతుంది. ఎండలో, దోమల్లో కూర్చోవడం విశ్రాంతి కాదు. రాత్రికి స్టీరింగు పట్టేది ఆ మనిషే.

2. రాత్రి ప్రయాణం: తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య శరీరం నిద్రే కోరుకుంటుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా మగత వస్తుంది.

3. ట్రిప్పు లెక్కన కూలి: బండి ఆగితే ఆదాయం ఆగుతుంది. అందుకే నిద్ర వచ్చినా ఆపరు.

ప్రమాదం ఎంత?

17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టం అనుమతించేది 0.03 శాతమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు కునుకు పడితే లారీ 65 మీటర్లకు పైగా చూపు లేకుండా వెళ్లిపోతుంది. టీ తాగితే కాసేపు ఆగవచ్చు గాని, అది నిద్రకు బదులు కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా రోజుకు 8 గంటల పని, 5 గంటలకు మించకుండా అరగంట విశ్రాంతి అని చెప్పింది.

మనం చేయవలసినవి

• కాయ లెక్క తేలాకే లారీని పిలవండి. నలుగురు రైతులు కలిసి పంపేటప్పుడు కాయను ముందే ఒకచోటికి చేర్చండి.
• రొయ్యలకైతే ఐస్, క్రేట్లు, కాటా సిద్ధం చేసుకున్నాకే బండిని రప్పించండి. దారిలో గంట ఆగినా సరుకు నిలిచేలా ఐస్ అదనంగా వేయించండి.
• లోడింగు లెక్క మీరు చూసుకోండి. డ్రైవరుకు నీడలో మంచం చూపి పడుకోనివ్వండి.
• బయలుదేరే ముందు "బాబూ, రాత్రి ఎంతసేపు పడుకున్నావు?" అని అడగండి. సరిగా పడుకోలేదంటే రెండు గంటలు నిద్రపోయాకే పంపండి.
• దూర ప్రయాణమైతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలని కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పండి.
• "తెల్లారేసరికి చేరాలి" అని తొందరపెట్టకండి. కూలీలను లోడు మీద కూర్చోబెట్టి పంపకండి.

కొబ్బరికాయ ఒక పూట ఆలస్యమైతే చెడిపోదు. డ్రైవరు ఒక్క కునుకు తీస్తే సరుకుతో పాటు ప్రాణాలూ పోతాయి.