సముద్రపు తాబేళ్లు - తీర గ్రామ పంచాయతీల బాధ్యత

ఏటా జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఆంధ్ర తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. తాము పుట్టిన తీరప్రాంతమునకే, పురిటికి పుట్టినింటికి వచ్చు ఆడపడుచులవలె, అవి తిరిగి వచ్చుచుండును. తల్లి తాబేలు సుమారు 100 గ్రుడ్లు పెట్టి, గుంట పూడ్చి, ఆ రాత్రియే సముద్రమును చేరును. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడును. వానిలో పెరిగి పెద్దవగునవి బహు కొద్ది.

తాబేలు గాలి పీల్చుటకు నీటిపైకి రావలెను. మరపడవల ట్రాల్ వలలలో చిక్కినచో ఊపిరాడక మరణించును. వలకు తప్పించుకొను ద్వారము అమర్చినచో తాబేలు బయటపడును; చేపలు, రొయ్యలు చాలవరకు వలలోనే నిలుచును. ఈ సంగతిని మత్స్యకారులతో కూర్చుండి చర్చింపవలెను.

ఒడ్డుననున్న ప్రమాదములను తొలగించుట పంచాయతీల చేతిలోనున్నది. రాత్రివేళ పిల్లలు వెలుతురున్న దిక్కే సముద్రమని తలచి నడచును. వీధిదీపములు కనిపించినచో ఊరివైపునకు పోయి, కుక్కలకు, కాకులకు, ఎండకు బలియగును. కావున సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను:

1. ఆ నెలలలో, పిల్లలు వెలువడుట ముగియువరకు, తీరమువైపు దీపములను ఆర్పవలెను; లేదా వెలుతురు నేలపైననే పడునట్లు మూతలు అమర్చవలెను.

2. గ్రుడ్లున్న చోట ఇసుక త్రవ్వకమును, బండ్ల రాకపోకలను ఆపవలెను.

3. కుక్కలు చేరకుండుటకై చేపల వ్యర్థములను ఒడ్డున పారవేయనీయరాదు.

4. గ్రుడ్లను కదల్పక అటవీశాఖవారికి తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి తాబేళ్లను చంపుట, గ్రుడ్లు తీయుట నేరము.

ఒక దీపమును ఆర్పుటకు వ్యయము లేదు. నేడు కడలి చేరిన పిల్ల కొన్ని ఏండ్లకు తల్లియై మన తీరమునకే మరలి రాగలదు.